నీరెండ మీద పెట్టుకున్న భరోసా

పండగ సంచికలో మందుల గోల ఏమిటని విసుక్కోకండి. నెల రోజులుగా మన వాట్సాప్ గ్రూపులో బతుకమ్మ ఫొటోలకంటే విటమిన్ డి రిపోర్టులే ఎక్కువ కనిపిస్తున్నాయి. పిల్లల ఎముకల మాట వచ్చేసరికి ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఆ కంగారులో ఒకరు బిడ్డను ఎండలో పడుకోబెట్టమన్నారు, ఒకరు ఎండంటేనే క్యాన్సరన్నారు, మరొకరు ఇండియా నుంచి తెచ్చిన సాచెట్లు పంచుతామన్నారు.

ముందు పసిబిడ్డల సంగతి. ఒంటికి నూనె రాసి పొద్దుటి నీరెండలో పడుకోబెట్టడం మనకు తరాల అలవాటు. పురుటికి సాయం వచ్చిన అమ్మమ్మలు ఇక్కడ బ్రిటన్‌లోనూ అదే చేస్తున్నారు. బయట చలి కనక కిటికీ అద్దం వెనక! చర్మంలో విటమిన్ డి పుట్టించేది ఎండలోని వెచ్చదనం కాదు, యూవీబీ కిరణాలు. అవి అద్దం దాటి రావు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు నేలదాకా చేరేవీ తక్కువే. నీడ మనిషికంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండలో తయారయ్యే డి అంతంతమాత్రం. విజయవాడ ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం దగ్గర, లండన్ 51 దాటాక. డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సైతం మన నీడ మనకు మూడున్నర రెట్లకు పైనే సాగుతుంది. అందుకే అక్టోబరు నుంచి మార్చి మొదటిదాకా ఈ దేశపు ఎండను నమ్ముకుని లాభం లేదు. తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టిన దగ్గర్నుంచి ఏడాది నిండేవరకు రోజూ 8.5 నుంచి 10 మైక్రోగ్రాముల చుక్కలు వేయాలి. రోజుకు అర లీటరుకు మించి డబ్బాపాలు తాగే బిడ్డకు అక్కర్లేదు. హెల్త్ విజిటర్ చెప్పి వెళ్ళాక, ‘అమ్మ వద్దంది’ అని సీసా సీలు కూడా తీయకుండా ఫ్రిజ్ మీద పెట్టేస్తే ఎలా? డి బాగా తగ్గితే కాళ్ళు దొడ్డికాళ్ళవడమే కాదు, కాల్షియం పడిపోయి పసివాళ్ళకు ఫిట్స్ కూడా రావచ్చు.

‘మా తాతలు ఏ చుక్కలు వేసుకున్నారు?’ అంటారు. తాతలు పొలంలో మధ్యాహ్నపు ఎండకు వంగి పనిచేశారు, ఫ్లాట్లలో కూర్చోలేదు. అంత ఎండ కాసే తిరుపతిలో ఆరోగ్యవంతులను పరీక్షించినా చాలామందిలో డి తక్కువగానే తేలింది. అక్కడి పరిశోధనలు డి తయారీకి అనువైన వేళగా చెప్పింది కూడా నీరెండను కాదు, 11 నుంచి 2 గంటల మధ్య ఎండను. అలాగని నెలల బిడ్డను ఆ ఎండలో పెట్టకండి. ఆరు నెలల లోపు వాళ్ళను నేరుగా ఎండ తగలనివ్వకూడదన్నదే ఇక్కడి సలహా. చుక్కలు ఉన్నది అందుకే.

పెద్దవాళ్ళకు వేసవి ఎండ పనికొస్తుంది, అయితే మనకు ఎక్కువసేపు కావాలి. మాంచెస్టర్ పరిశోధకులు 2018లో వేసిన లెక్క ప్రకారం తెల్లవాళ్ళకు రోజూ మధ్యాహ్నం 9 నిమిషాలు చాలితే, మన ఛాయకు 25 నిమిషాలు పడుతుంది. అదీ వేసవిలో ముంజేతులు, పిక్కలు బయట ఉంటేనే. అలాగైతే గంటలకొద్దీ ఎండలో ఉంటే సరి కదా అంటే, కాదు. ఒక హద్దు దాటాక చర్మంలో అదనంగా తయారైనదాన్ని ఆ ఎండే విరగ్గొడుతుంది, మిగిలేది చర్మానికి చెరుపే. చర్మ క్యాన్సర్ మనలో తక్కువన్నది నిజం, లేదన్నది అబద్ధం. అరికాళ్ళలో, గోళ్ళ కింద వచ్చే రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు కనక అక్కడ కొత్త మచ్చ కనిపిస్తే జీపీకి చూపించండి. యూవీ సూచీ 3 లేదా అంతకు మించిన రోజు ఎక్కువసేపు బయట ఉంటే నీడ, టోపీ, సన్‌స్క్రీన్ చూసుకోండి. కానీ ‘నల్లబడతావు’ అని ఆడపిల్లను జూలైలో కూడా గడప దాటనివ్వని తల్లులారా, అది ఆరోగ్యం మీద శ్రద్ధ కాదు, పెళ్ళిచూపుల బెంగ. మన రంగువాళ్ళు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకునే సంగతి ఆలోచించమని ప్రభుత్వమే చెబుతోంది.

ఇక సాచెట్లు. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్ల డి ఉంటుంది. 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు, రోజుకు ఆ చొప్పున అది 150 రోజుల మోతాదు. రక్తపరీక్ష చూసి డాక్టరు వారానికొకటి రాసే మందును పిల్లలకు రోజూ పాలల్లో కలిపితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. దయచేసి పంచకండి. డి ఎక్కువ మింగితే గుండెజబ్బులు, క్యాన్సరు రావన్న ఫార్వర్డులూ ఆపండి. అమెరికాలో పాతికవేల మందికి పైగా పాల్గొన్న వైటల్ పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి అయిదేళ్ళకు పైగా చూసినా ఆ జబ్బులు వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గలేదు.

చివరగా మన సంఘం కబుర్లు. బతుకమ్మకు తంగేడు దొరకకపోయినా బంతి, చామంతులతోనే నిండుగా పేర్చిన అక్కచెల్లెళ్ళకు, రాత్రి హాలు ఊడ్చి తాళం వేసిన కుర్రాళ్ళకు కృతజ్ఞతలు. సభ్యత్వ రుసుము బాకీలు దీపావళి లోపు కట్టేయండి, మళ్ళీ ఫోన్లు చేయించకండి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. ఆ రోజు తెలుగు బడి కొత్త టైము ప్రకారమే పదిన్నరకు మొదలవుతుంది.

— సంపాదకవర్గం