ఎనుము గొంతు – మన ప్రయోగశాల

నేను ఇంటర్ చదివే రోజుల్లో, తొలకరి వానలు పడిన వారానికి, మా పెదనాయన ఎనుము చచ్చిపోయింది. పొద్దున మేత మేసింది. సాయంత్రానికి గొంతు వాచి గురక పెట్టింది. తెల్లారేసరికి లేదు. "గొంతువాపు నాయనా, దానికెవరేం జేస్తారు?" అన్నాడాయన. మైక్రోబయాలజీలో చేరినాక ఆ రోగకారి పేరు తెలిసింది: పాశ్చురెల్లా మల్టోసిడా.

టీకా లేక కాదు. ఆ సూక్ష్మజీవినే పెంచి, చంపి, వానలకు ముందు పశువుకు ఎక్కిస్తారు. కాని ఆ రక్షణ ఎక్కువకాలం నిలవదు. ఒక్క ఏడు మరిచిపోతే మా పెదనాయన కథే.

మరో దారి ఉంది. ఈ సూక్ష్మజీవి పైపొరలోని ప్రోటీన్లను పశువు శరీరం శత్రువుగా గుర్తిస్తుంది. అటువంటి ఒక ప్రోటీన్ జన్యువును తీసి ఇ. కోలిలో పెడితే, రోగకారిని పెంచే పని లేకుండానే ప్రోటీన్ తయారవుతుంది. అయితే కొవ్వుపొరలో ఉండవలసిన ప్రోటీన్ నీళ్ళలో ఇమడదు, ముద్ద కడుతుంది. యూరియాలో కరిగించి, మెల్లగా మళ్ళీ సరైన మడతకు తేవాలి. మడత తప్పితే శరీరం నేర్చుకునేది తప్పు ముఖాన్నే!

ఇది మనవల్ల అవుతుందా అనవచ్చు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో, ఆ వైరస్ పైపొర ప్రోటీన్‌ను ఈస్టులోనే తయారుచేశారు. దాని తొలి ప్రయోగాలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగినవే. 2013లో ఐరోపా అనుమతించిన మెనింజైటిస్-బి టీకాలోని కొన్ని బాక్టీరియా ప్రోటీన్లు ఇ. కోలిలో పుట్టినవే.

మరి మనం? ఎవరో ఎప్పుడో చేసిన ప్రయోగాన్నే ఏటా రికార్డుల్లోకి ఎక్కిస్తున్నాం. ఆ గంటల్లో కొన్ని ఈ ముద్దలు కరిగించడానికి ఇవ్వకూడదా? ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ప్రోటీన్ మనం చేస్తే, పరీక్షకు వాళ్ళను అడగవచ్చు. ప్రోటీన్ వచ్చినంత మాత్రాన టీకా వచ్చినట్టు కాదు. ఏళ్ళు పట్టవచ్చు, ఓడిపోనూవచ్చు. అయినా మన ఊరి రోగంతో పోరాడి ఓడడం, పరాయి ఫలితాన్ని కాపీ కొట్టి గెలవడం కంటే మేలని నా అభిప్రాయం.

మిత్రులారా, అంతవరకూ ఒక చిన్న పని. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో అడగండి: "ఎనుములకు టీకా వేయించినారా?"