తేదీ ముందు, ఓడ తరువాత

సముద్రంలో ప్రాణరక్షణకు ఉద్దేశించిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం, ప్రయాణికుల నౌక అడుగుభాగాన్ని నిర్ణీత వ్యవధుల్లో తనిఖీ చేయాలి. ఇందుకు నౌకను సాధారణంగా డ్రైడాక్‌లోకి, అంటే తలుపులు మూసి నీరంతా తోడివేసి ఓడను దిమ్మెల మీద నిలబెట్టే తొట్టిలోకి చేరుస్తారు. ఎలాగూ టికెట్ల రాబడి ఆగిపోయే రోజులు కనుక, విహారనౌకల యజమానులు కేబిన్లు, భోజనశాలలు, స్నానపు గదులు కొత్తగా మార్చే పనిని కూడా అప్పుడే ముగించుకోవాలని చూస్తారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

చుక్కానిలోనో, అడుగు రేకులోనో లోపముంటే తనిఖీ చేసే సర్వేయరు ధ్రువపత్రం ఇవ్వడు, ఓడ కదలదు; కార్పెట్ పరవకపోయినా, కొళాయిలో వేడినీళ్లు రాకపోయినా అడ్డుపడే అధికారి సాధారణంగా ఉండడు కాబట్టి, గడువు ముంచుకొచ్చినప్పుడు వెనకపడేది ఎప్పుడూ ఈ రెండో రకం పనే. పాత ఇంటి గోడ విప్పినవారికి తెలిసినట్టే, పాత కేబిన్ పలక ఊడదీస్తే వెనక తుప్పుపట్టిన గొట్టం బయటపడుతుంది. గొట్టం మార్చనిదే టైల్స్ వేయలేరు, టైల్స్ ఆరనిదే తలుపు బిగించలేరు, ఈలోగా వడ్రంగి, ఎలక్ట్రీషియన్, రంగులవాడు ఒకే ఇరుకు నడవాలో ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తుంటారు. బయలుదేరే తేదీ మాత్రం నెలల కిందటే అమ్ముడైపోయి ఉంటుంది. గృహప్రవేశపు ముహూర్తానికి శుభలేఖలు పంచేసి ఆ తరువాత పునాది తవ్వినట్టున్న ఈ పద్ధతిలో, పని మిగిలిపోవడాన్ని అనుకోని అవాంతరమనడం కుదరదు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ క్యూఈ2గా ప్రసిద్ధమైన బ్రిటిష్ నౌక ‘క్వీన్ ఎలిజబెత్ 2’. 1994 చివర్లో దాని యజమాని కునార్డ్ సంస్థ సుమారు 3 కోట్ల పౌండ్ల ఖర్చుతో హాంబర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫాస్ షిప్‌యార్డులో దానికి కొత్త రూపు ఇవ్వబూనింది. స్నానపు గదుల మార్పు ఆ పనిలో పెద్ద భాగం. అంటే ఓడ పొడవునా నీటి గొట్టాలను కదిలించడమన్నమాట. అనుకున్న గడువుకు పని తెమలలేదు. అయినా డిసెంబరులో, క్రిస్మస్ యాత్ర ముంగిట, సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఓడ బయలుదేరింది. కేబిన్లు సిద్ధం కాని కొందరిని రేవులోనే ఆపేశారు. ఎక్కినవారికి పనివాళ్లే తోటి ప్రయాణికులయ్యారు. న్యూయార్క్‌లో అమెరికా తీరరక్షక దళం భద్రతా లోపాలను ఎత్తిచూపింది. చివరకు పరిహారం కింద సంస్థ పెట్టుకున్న మొత్తం సుమారు 75 లక్షల పౌండ్లు, అంటే నవీకరణ ఖర్చులో నాలుగో వంతు. నాలుగు వారాలు ఆగి ఉంటే ఇంత నష్టం వచ్చేదా అన్న లెక్క ముందే ఎవరైనా వేశారో లేదో!

ఇందుకు భిన్నమైన దారి పట్టిన ఓడను తెలుగువారు తమ రేవులోనే చూశారు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు కార్డీలియా సంస్థ నడిపిన ‘ఎంప్రెస్’ నౌక 1990 నాటిది. అంతకు ముందు అది రాయల్ కరీబియన్ సంస్థకు చెందిన ‘ఎంప్రెస్ ఆఫ్ ద సీస్’. 2016లో ఆ సంస్థ దాన్ని తన స్పెయిన్ అనుబంధ సంస్థ నుంచి వెనక్కి తీసుకుని చూడగా, గ్యాలీని, అంటే ఓడ వంటశాలను, ఊహించినదానికన్నా ఎంతో ఎక్కువగా బాగుచేయాలని తేలింది. యాత్రలను ఒకదాని తరువాత ఒకటి రద్దు చేసి, మే నెలాఖరుకు గానీ ఓడను సముద్రంలోకి దింపలేదు. సెలవు పెట్టుకున్నవారికి, విమానం టికెట్లు కొనుక్కున్నవారికి ఆ రద్దు చేదుగానే ఉంటుంది. అయినా జిగురు వాసన కొట్టే నడవాలో, పైకప్పు తెరిచి తీగలు వేలాడే భోజనశాలలో వారం రోజులు గడపడం కన్నా అదే నయం.

కాబట్టి ప్రయాణికుల ఆగ్రహాన్ని గొంతెమ్మ కోరికల జాబితాలో వేయడం తగదు. ఓడలో ఈతకొలను మూసేస్తే ఇంకో హోటలుకు మారే వీలు లేదు, చుట్టూ ఉన్నది సముద్రమే. 1970ల తొలినాళ్లలో ఇంగ్లండ్ అప్పీలు న్యాయస్థానంలో లార్డ్ డెన్నింగ్, విహారయాత్ర ఒప్పందం తప్పినప్పుడు చెల్లించిన సొమ్ముకే కాక దక్కకుండా పోయిన ఆనందానికీ పరిహారం ఇవ్వాలని తేల్చారు. అయినా పరిహారంగా తరచు చేతికందేది తదుపరి యాత్రలో రాయితీ కూపన్: అది చెల్లాలంటే విసిగించిన సంస్థ ఓడనే మళ్లీ ఎక్కాలి. ఫలానా డెక్‌లో పని నడుస్తోంది, ఫలానా శాల మూసి ఉంటుంది అని బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు రాసి, వద్దనుకున్నవారికి సొమ్ము తిరిగి ఇస్తే ఈ గొడవలో సగం రేవులోనే తీరిపోతుంది. అలా రాస్తే టికెట్లు వెనక్కి వస్తాయన్న భయమే సంస్థల నోరు కట్టేస్తోంది.

అయితే తేదీ అన్నదే లేకపోతే పని నిదానంగా, పద్ధతిగా జరుగుతుందన్న భరోసా కూడా లేదు. 2008లో దుబాయికి చేరిన క్యూఈ2ను హోటలుగా మార్చాలని నిర్ణయించారు. సముద్రంలోకి మళ్లీ వెళ్లనక్కరలేని ఆ ఓడ అతిథులకు తలుపులు తెరిచింది 2018 ఏప్రిల్‌లో.