పుస్తకాలకి నలుగురం, కాన్ఫిగర్‌కి ఒక్కడే

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలకి మేం నలుగురం వెళ్తాం. నాంపల్లి మెట్రో దిగి నడుస్తూనే లిస్టు పంచేసుకుంటాం. నలుగురం నాలుగు వైపులా వెతికి, దొరికిందీ లేనిదీ ఫోన్లో చెప్పుకుంటే గంటలో పనైపోతుంది. అలా కాకుండా ఒక్కడినే వెతకమని మిగతా ముగ్గురం ఇరానీ చాయ్ తాగుతూ కూర్చుంటే? మన లాప్‌టాప్‌లు చేసేది సరిగ్గా అదే.

లినక్స్‌లో సోర్స్ నుంచి బిల్డ్ చేసినవాళ్లకి కాన్ఫిగర్ స్క్రిప్ట్ తెలిసే ఉంటుంది. ఈ హెడర్ ఉందా, ఆ ఫంక్షన్ ఉందా అంటూ ఒక్కో లైనూ పాకుతుంది. చాలా ప్రశ్నలకి ఓ బుల్లి సీ ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేసి చూస్తుంది. ఆ తర్వాత మేక్‌కి చెబితే ఎనిమిది కోర్లూ పరుగెడతాయి గానీ, ఈ ప్రశ్నలన్నీ ఒకదాని తర్వాత ఒకటే.

ఆటోకాన్ఫ్ మొదలైంది 1991లో. అప్పటి మెషీన్లని బట్టి తప్పు పట్టను. కానీ చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి తనిఖీ తన ప్రోగ్రామ్‌ని కాన్ఫ్‌టెస్ట్ అనే ఒకే పేరుతో రాస్తుంది. రెండు ఒకేసారి నడిస్తే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. జవాబులు కూడా ఒకే ఫైల్ చివర చేరతాయి, తర్వాతి తనిఖీ దాన్నే చదువుకుంటుంది. నలుగురికీ కలిపి ఒకటే పెన్నూ ఒకటే చీటీ ఇచ్చినట్టు.

ఒక్కో తనిఖీకి విడి ఫోల్డర్, విడి జవాబు ఫైల్ ఇచ్చి, అన్నీ అయ్యాక కలిపితే చాలు. నడిపే పని మేక్‌కే అప్పజెప్పొచ్చు, ఏది దేని మీద ఆధారపడిందో చూసుకోవడమే కదా దాని వృత్తి. కంపైలర్ పనిచేస్తోందా అన్నది మాత్రం ముందే తేలాలి. వానపడి అసలు పుస్తకాలే పరచకపోతే నలుగురం విడిపోయి ఏం లాభం?

"రెండు నిమిషాలకి ఇంత గోలేంట్రా" అంటాడు మా రూమ్మేట్. పోయిన సెమిస్టర్ ఓ జూనియర్‌కి ఓపెన్ సోర్స్ ప్యాచ్ ఎలా పంపాలో చూపిద్దామని కూర్చున్నాం. ల్యాబ్‌లోని పాత మెషీన్ మీద సగం పీరియడ్ ఆ లైన్లు చూడ్డంతోనే సరిపోయింది. తర్వాతి వారం ఆ అబ్బాయి రాలేదు. క్యాష్ ఆప్షన్ ఉందిగా అంటారు. అది రెండోసారికే పనికొస్తుంది, వాడికి కావాల్సింది మొదటిసారి.

లాగ్ కలగాపులగం అవుతుందన్న అభ్యంతరం మాత్రం కొట్టిపారెయ్యలేను. విడివిడిగా రాసి, చివర్లో వరుసగా అతికించాలి. మా మినీ ప్రాజెక్ట్‌కి ఇదే పెట్టుకుందాం అంటున్నా. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాడు ఆదివారం నాంపల్లిలో దిగాక చెప్తానన్నాడు.