బడిలో జీవన పాఠాలు: ఫలితం లెక్క చూసేదెవరు?

కౌమార వయసు పిల్లలకు చదువుతోపాటు జీవన నైపుణ్యాలు కూడా బడిలోనే నేర్పాలని ప్రభుత్వాలన్నీ అంటున్నాయి. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, చెడు సావాసానికి 'వద్దు' అనగలగడం, కష్టం వస్తే పెద్దలతో చెప్పుకోవడం - ఇవీ ఆ పాఠాలు. 2020లో కేంద్రం ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు ఈ బాధ్యత అప్పగించి, వారానికో గంట కేటాయించింది. ఉద్దేశం మంచిదే. కాని మంచి ఉద్దేశమే మంచి ఫలితం అవుతుందా?

కాదని అమెరికా అనుభవం చెబుతోంది. మత్తుమందులకు దూరంగా ఉండమని పోలీసులే బడికి వచ్చి బోధించే 'డేర్' కార్యక్రమం 1983లో లాస్ ఏంజిలిస్‌లో మొదలై దేశమంతా వ్యాపించింది. పిల్లలు మెచ్చుకున్నారు, తల్లిదండ్రులు సంతోషించారు. తీరా పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ పాఠాలు విన్నవారికీ విననివారికీ మత్తు అలవాటులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది.

మన దేశంలోనే బీహార్ అనుభవం మరింత విలువైనది. నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలలను మూడు వర్గాలుగా విభజించి 'సెహర్' అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. కొన్ని బడుల్లో దాన్ని శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు నడిపారు. కొన్నింట్లో ఉపాధ్యాయులే నడిపారు. మిగిలినవాటిలో మామూలు కార్యక్రమమే సాగింది. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. మొదటి వర్గం బడుల్లో పిల్లల దిగులు, తోటివారిని వేధించడం తగ్గాయి, బడి వాతావరణం బాగుపడింది. ఉపాధ్యాయులు నడిపిన చోట అలాంటి మేలు కనిపించలేదు. పాఠం ఒకటే, నడిపే చేతులు వేరు! ఇది ఉపాధ్యాయులను నిందించడం కాదు. సిలబస్, పరీక్షలు, రికార్డుల బరువు మోస్తున్నవారి మీద మరో బరువు పెడితే ఏమవుతుందో గ్రహించడం.

ఇక మన మంగళగిరి సంగతి చూద్దాం. ఊళ్లో గుంట మగ్గాలు, చుట్టుపక్కల మిరప చేలు. కోతల రోజుల్లో కూలి ఇళ్ల పిల్లలకు బడి మానే అవసరం పడుతుంది. పెళ్లి పేరుతో చదువు ఆగే ఆడపిల్లలూ ఉన్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. సంవత్సరాంతంలో తరగతిలో మిగిలినవారినే ప్రశ్నించి 'కార్యక్రమం విజయవంతం' అని రాసుకుంటే, బడి మానినవారు ఏ లెక్కలోకి వస్తారు? అసలు ఆ పాఠాలు ఎక్కువ అవసరమైంది వారికే కదా!

అందుకే మేము చెప్పేది ఇది. ఎందరు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఎన్ని తరగతులు జరిగాయి అన్నది ఖర్చు లెక్క మాత్రమే. ఈ ఏడాది సగం బడుల్లో, వచ్చే ఏడాది మిగతా సగంలో ప్రారంభిస్తే రెంటినీ పోల్చవచ్చు. హాజరు, బడి మానివేత, పిల్లల మానసిక స్థితి ముందూ వెనకా నమోదు చేయాలి. ఏడాది తర్వాత మళ్లీ చూడాలి.

పిల్లలు మన చేతిలోని అమానత్. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులు అడిగి వచ్చేయకండి. 'ఈ పాఠాలతో మా పిల్లల్లో ఏం మారింది? నిరుడున్న పిల్లల్లో ఈ ఏడు ఎవరు లేరు?' అని కూడా అడగండి. అడిగేవారుంటేనే లెక్క చెప్పేవారుంటారు.