అయిదు మొనల చుక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే వ్రాశారు. ఆవిడ కూతురు ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నది. ఈమధ్య మెడలో ఒక వెండి బిళ్ల వేసుకొని తిరుగుతున్నదట. బిళ్లలో గుండ్రని కట్టు, కట్టులో అయిదు మొనల చుక్క. పక్కవాటా ఇల్లాలు అది చూసి, "అక్కా, ఇది సైతాను గుర్తు. విదేశాల్లో మంత్రగత్తెలు పెట్టుకొంటారు" అన్నదట. అని ఊరుకోలేదు. ఈ అమ్మాయి దగ్గర లెక్కలు చెప్పించుకొంటున్న తన పిల్లలిద్దరినీ మానిపించేసింది. ఎల్.బి.నగర్‌లో వుండే ఆడబడుచు ఇంకో అడుగు ముందుకు వేసి, "వదినా, పిల్లకు ఎవరో ఏదో చేయించారు" అని తేల్చి, తాయెత్తు కట్టే ఆయన చిరునామా కూడా ఇచ్చిందట. "బిళ్లను మూసీలో పారవేయమంటారా, పసుపు నీళ్లతో కడిగి పూజ గదిలో పెట్టమంటారా?" అని ఈ తల్లి అడుగుతున్నారు.

రెండూ వద్దు. ముందు వంటింట్లోకి వెళ్లి లేత బెండకాయ నొకదానిని అడ్డంగా కోసి చూడండి. అయిదు గదులు, అయిదు మొనలు. ఆపిల్‌ను మనం నిలువునా కోస్తాము గనుక తెలియదు గాని, అడ్డంగా కోస్తే గింజల చుట్టూ అదే చుక్క కనబడుతుంది. కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోక ముందు ఆ వీధిలో ఇలాంటి చుక్కలు లారీలకు లారీలు దిగేవి! ఇంకా కావాలంటే వినాయకుడి పూజకు తెచ్చే జిల్లేడు పువ్వును చూడండి. ఆ మాటకు వస్తే పోలీసు ఇన్‌స్పెక్టరుగారి భుజం మీద అయిదు మొనల చుక్కలు మూడేసి వుంటాయి. ఆయనను చూసి భయపడేవాళ్లు వున్నారు గాని, దానికి కారణం వేరు.

మీ అమ్మాయి బిళ్లమీది చుక్కకు ఒక ప్రత్యేకత వున్నది. దానిని పెన్సిలు ఎత్తకుండా అయిదు గీతల్లో గీయవచ్చు. మధ్యలో అయిదు భుజాల బొమ్మ ఒకటి మిగులుతుంది. దాని మూలలు కలిపితే మళ్లీ చిన్న చుక్క, అందులో మళ్లీ ఇంకొకటి, అంతు లేదు. పెద్ద గీతకూ చిన్న గీతకూ వుండే నిష్పత్తి సుమారు 1.618. గ్రీసు దేశంలో 2,500 ఏళ్ల కిందట వుండిన పైథాగరస్ శిష్యులకు ఈ చుక్క అంటే ప్రాణం. వారు ఒకరి నొకరు గుర్తు పట్టడానికి దీనిని వాడేవారనీ, దీనిని 'ఆరోగ్యం' అని పిలిచేవారనీ తరువాతి కాలపు గ్రీకు రచయిత లూషియన్ వ్రాశాడు. లెక్కలు చెప్పే పిల్ల మెడలో వుండవలసిన బిళ్లే గదా ఇది!

క్రైస్తవులకు కూడా ఒకప్పుడు ఇది సైతాను గుర్తు కాదు. ఏసుక్రీస్తు శరీరం మీది అయిదు గాయాలకు గుర్తుగా ఎంచుకొన్నారు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కావ్యం ఒకదానిలో గవేయిన్ అనే వీరుడి డాలు మీద బంగారు రంగులో ఈ చుక్కే వుంటుంది. ధర్మానికీ సత్యానికీ చిహ్నంగా. మొరాకో దేశం 1915 నుంచి దీనిని తన జెండా మీద పెట్టుకొన్నది.

మరి ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? 1850ల్లో ఎలిఫాస్ లెవీ అనే ఫ్రెంచి రచయిత మంత్రశాస్త్రం మీద పెద్ద గ్రంథం వ్రాశాడు. ఒక మొన పైకి వుంటే చుక్క మంచిది, రెండు మొనలు పైకి వుంటే అవి మేక కొమ్ములు, అంచేత అది దుష్టశక్తి, అని ఆయన తీర్మానించాడు. అంతకు ముందు యూరపులో చుక్కను ఎటు తిప్పి గీసినా అడిగినవారు పెద్దగా లేరు. అంటే ఈ తలకిందుల చుక్క భయం కంటె మన చార్మినారు రెండున్నర శతాబ్దాలు పెద్దది. తరువాత 1966లో అమెరికాలో ఆంటన్ లావే అనే ఆయన సైతాను పేరనే ఒక సంఘం పెట్టి, తలకిందుల చుక్కలో మేక తల బిగించి దానినే ముద్రగా చేసికొన్నాడు. సినిమాలవాళ్లు ఆ బొమ్మను ఎత్తుకొన్నారు. పక్కవాటా ఆవిడ చూసింది ఆ సినిమాలే అయివుంటాయి.

విక్కా మతం వారిది వేరే దారి. దానిని లోకానికి తెలియజేసినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లీషువాడు. 1884లో పుట్టాడు. చిన్నతనంలోనే సింహళం తేయాకు తోటల్లో పనిచేశాడు. మలయాలో సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. ఇంగ్లండులో 1735 నాటి మంత్రగత్తెల చట్టాన్ని 1951లో రద్దు చేసిన తరువాత, 1954లో ఆయన తన పుస్తకం అచ్చువేశాడు. ప్రకృతిని దేవీ దేవుల రూపంలో కొలవడం, ఋతువులనుబట్టి ఏడాదికి ఎనిమిది పండుగలు, ఎవరికీ హాని చేయకుండా నడుచుకోవడం: స్థూలంగా ఇదీ వారి పద్ధతి. సైతాను అనేవాడు వారి మతంలోనే లేడు. చుక్క చుట్టూ కట్టు వేసిన బిళ్లను పూజాస్థానంలో పెడతారు. అయిదు మొనలూ భూమి, నీరు, నిప్పు, గాలి, ఆత్మ. కొందరు ఆ అయిదవదానికి 'ఆకాశ' అన్న మన మాటనే వాడుతారు. కాళహస్తిలో వాయులింగాన్నీ, చిదంబరంలో ఆకాశాన్నీ దర్శించి వచ్చినవాళ్లకు పంచభూతాలను చూస్తే భయమెందుకు?

ఇంకొక సంగతి. గార్డ్‌నర్ సంప్రదాయంలో దీక్ష మూడు మెట్లు. రెండవ మెట్టు గుర్తు తలకిందుల చుక్కే! వారికి అది చెడు కాదు. మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. కొత్తపేట అష్టలక్ష్మి గుడికి వెళ్లివచ్చే ఇళ్లలో ఎన్నింటిలోనో శ్రీచక్రం వుంటుంది. అందులోని తొమ్మిది త్రికోణాలలో నాలుగు పైకి చూస్తాయి, అవి శివుడు. అయిదు కిందికి చూస్తాయి, అవి అమ్మవారు. కొన కిందికి వున్నదని అమ్మవారిని దుష్టశక్తి అన్నవారెవరు?

అమెరికాలో సైనికుల సమాధుల మీద మతచిహ్నం చెక్కడానికి ప్రభుత్వం అనుమతించిన గుర్తుల జాబితా వుంటుంది. 2005లో అఫ్గానిస్తాన్‌లో మరణించిన ఒక సైనికుడి భార్య, తన భర్తది విక్కా మతం, ఈ చుక్క చెక్కండి అని అడిగితే ఒప్పుకోలేదు. ఆవిడా, ఆవిడతో మరికొందరూ కోర్టుకు వెళ్లారు. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వం దిగివచ్చి జాబితాలో చుక్కను చేర్చింది.

అక్కడివారు మంత్రగత్తె అన్న పేరును కోరి పెట్టుకొంటున్నారు. కలకత్తాలో ఇప్సితా రాయ్ చక్రవర్తిగారు కూడా బహిరంగంగా ఆ పేరు పెట్టుకొని, 2000లో ఆత్మకథే వ్రాశారు. కాని మన పల్లెల్లో ఆ పేరు ఎవరూ కోరి పెట్టుకోరు, ఇతరులు అంటగడతారు. 2022 జనవరిలో జగిత్యాలలో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. నాకు భయం వేసేది చుక్కను చూసి కాదమ్మా, "ఎవరో ఏదో చేయించారు" అన్న మీ ఆడబడుచు మాట విని. ఆ 'ఎవరో'కు రేపు ఒక పేరు దొరుకుతుంది. ఆ పేరు మీ పనిమనిషిది కావచ్చు, కింది వాటాలో ఒంటరిగా వుండే ముసలమ్మది కావచ్చు. ఆవిడకు గట్టిగానే చెప్పండి. చుట్టరికం చెడుతుందని వెనుకాడవద్దు.

ఇక అమ్మాయిని ఇంతవరకు మీరెవరూ ఆ బిళ్ల ఎందుకు వేసుకొన్నావని అడిగినట్లే లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా కనబడలేదు. అడగండి. అందంగా వున్నదని కొన్నదేమో, స్నేహితురాలు ఇచ్చిందేమో, నిజంగానే ఆ మతం మీద ఆసక్తి కలిగిందేమో. ఆసక్తే అయితే కోప్పడకండి, చదివినది మీకూ చెప్పమనండి. ట్యూషను మానిన పిల్లల సంగతి కూడా దాని చేతనే చెప్పించండి: పక్కింటికి వెళ్లి, బెండకాయ కోసి, 1.618 లెక్క చేసి చూపమనండి. ఆ తల్లి కాదన్నా పిల్లలు ఊరుకోరు.

బిళ్ల నల్లబడుతున్నదనీ, అది దృష్టి లాగుకొంటున్న గుర్తని ఆడబడుచు అన్నదనీ చివర్లో వ్రాశారు. వెండికి గాలిలోని, చెమటలోని గంధకం తగిలితే నల్లబడుతుంది. మీ పూజ గదిలో కుంది కూడా నల్లబడి వుండాలి, చూడండి. మెత్తని విభూతితో రెండింటినీ తోమితే సరిపోతుంది.