కొత్త చేతి కుట్టును విప్పకండి

బొంత కుట్టడం తెలిసిన ఆడవాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. కొత్తగా సూది పట్టిన పిల్ల కుట్టు వంకర పోతే దాన్ని విప్పకండి. ఆ వరుసను అట్లనే ఉంచి, దాని పక్కన మీ వరుస వేయండి. మీ వరుసను చూసుకుంటూ ఆ పిల్ల తర్వాతి వరుస వేస్తుంది. కొన్ని వరుసలు దాటేసరికి చెయ్యి దానంతట అదే దారికొస్తుంది. మా అత్తమ్మ నాకు ఇట్లనే నేర్పింది. నేను నేర్పేదీ ఇట్లనే.

మాది ఇబ్రహీంపట్నం పక్కన శేరిగూడ. సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాక ఊళ్లో హాస్టళ్లు, అద్దె గదులు పెరిగాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో యాసంగి కోతలయ్యాక, పొలం పని లేని ఎండాకాలం మధ్యాహ్నాలు బొంతల కాలం. ఏడాదంతా కట్టి వెలిసిపోయిన నూలు చీరలు, మగవాళ్ల పాత ధోవతులు ఉతికి ఆరేసి దాచేవాళ్లం. చిరుగులున్నవి లోపలి పొరలకు పోయేవి. కొంచెం గట్టిగా, రంగు నిలిచి ఉన్నది పైకి వచ్చేది. ఇంట్లో పోచంపల్లి నూలు చీర పాతబడితే అదెవరి బొంత మీదికి పోవాలని తగాదా పడేవాళ్లం. పొరలన్నీ నేల మీద ముడత లేకుండా పరిచి, మూలలకు బరువులు పెట్టి, పొడుగాటి టాకాలు వేసి, అంచులు మడిచి, అప్పుడు వరుసలు మొదలుపెట్టేవాళ్లం. ఒక బొంత చుట్టూ ముగ్గురు నలుగురు కూర్చునేవారు. చేతకాని పిల్లకు ఎప్పుడూ బాగా కుట్టే మనిషి పక్కనే చోటు ఉండేది. అదే మాకు బడి.

ఇప్పుడు ఆ చోటే లేకుండా పోయింది. దీనికి పిల్లలను తప్పుపట్టడం నాకు నచ్చదు. మా పై గదిలో అద్దెకుంటూ చదువుకునే ఒక అమ్మాయి వాళ్లక్కకు కాన్పు దగ్గరపడుతోందని, పుట్టబోయే బిడ్డకు తన చేత్తో చిన్న బొంత కుట్టాలని అడుగుతూ కిందికి దిగి వచ్చింది. అప్పుడు వాకిట్లో మా వయసువాళ్లం నలుగురం ఉన్నాం. “సదువుకునే పిల్లవు, నీకెందుకు బిడ్డా ఈ తిప్పలు? కొనుక్కుంటే అయిపాయె” అన్నారు. అది ప్రేమతో అన్న మాటేనని నాకు తెలుసు. కానీ నేర్చుకుందామని వచ్చిన మనిషి వెనక్కి తిరిగిపోవడానికి తిట్టే అక్కర్లేదు, ఈ మాట చాలు. ఆ పిల్ల మెట్ల దాకా పోతుంటే నేనే పిలిచి కూర్చోబెట్టాను.

మొదటి పని బట్ట చూడటం. ఆమె తెచ్చినవి పాలిస్టర్ చీరలు. అవి చెమట పీల్చవు, పొర మీద పొర జారిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లకే కష్టమైన బట్టను కొత్త చేతికి ఇస్తే తప్పు తనదేనని అనుకుంటుంది. అందుకే నా పెట్టెలోని మెత్తటి నూలు చీర ఒకటి తీసి ఇచ్చాను. నేర్పాలనుకునేవాళ్లు మంచి బట్ట ఇవ్వడంతోనే మొదలుపెట్టాలి. పనికిరాని గుడ్డ ఇచ్చి “ముందు దీని మీద నేర్చుకో” అనడం వల్ల ఎవరికీ ఏమీ రాలేదు.

ఆ తర్వాత కూర్చున్నప్పుడల్లా ఒక్కొక్క సంగతే. మూరెడు కంటే పొడుగు దారం తీయొద్దు, చిక్కు పడుతుంది. దారానికి కొంచెం తేనెమైనం రాస్తే జారుతూ పోతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యలోకి లాగాలి, లేకుంటే పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. దారం గట్టిగా గుంజితే బట్ట ముడుచుకుంటుంది, వదులుగా విడిస్తే ఉతుకులో లేచిపోతుంది. ఈ నాలుగూ ఒక్కసారే చెప్తే ఒక్కటీ నిలవదు. “గట్ల గుంజకు బిడ్డా, బట్టకు ఊపిరాడనియ్యి” అని రోజంతా ఆ ఒక్క మాట మీదే ఉంటే చేతికి పడుతుంది.

మెచ్చుకోలు కూడా అంతే. ఉత్తగా “మంచిగుంది” అంటే పిల్లలకు తెలిసిపోతుంది, మనం సరిగ్గా చూడలేదని. “ఈ మూల మడత చూడు, అంచు ఎంత బిగువుగా కూర్చుందో” అని చోటు చూపించి చెప్పాలి. మొదట చిన్న బొంతే పట్టించాలని నేను గట్టిగా అంటాను. మంచానికి సరిపడా పెద్దది మొదలుపెట్టినవాళ్లు సగంలో చుట్టి మూలకు పడేస్తారు. చంటిబిడ్డ బొంత తొందరగా పూర్తవుతుంది. ఒకటి పూర్తి చేసిన మనిషి రెండోది అడిగి మరీ తెచ్చుకుంటుంది.

మా పద్ధతే పద్ధతి అనే పట్టుదలా పెద్దవాళ్లు వదులుకోవాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. సిద్దీ ఆడవాళ్లు కుట్టే బొంతలను కవంద్ అంటారు. వాళ్లు ఒక మూల నుంచి అంచుల వెంబడి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. చివర నాలుగు మూలల్లో ‘ఫూల’ అనే చిన్న మడత గుడ్డలు కుడతారు. అవి లేకుంటే బొంత పూర్తయినట్టు లెక్క కాదు. మా వరుసలు నిలువుగా పోతాయి. రెండూ చలికి కాపాడేవే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వాళ్ల వారసుల ఊరు. చేలల్లో పనిచేసి చిరిగిన బట్టలతో అక్కడి ఆడవాళ్లు బొంతలు కుట్టారు. ఆ పని అమ్మమ్మల నుంచి మనవరాళ్లకు చేతి నుంచి చేతికి వచ్చింది. 1966లో ఆ ప్రాంతం ఆడవాళ్లు ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్ముకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలోనూ ఆ వెంటనే న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. వాటిలో గీతలు ఎక్కడికక్కడ వంకర పోతాయి. ఆ వంకరలోనే కుట్టిన మనిషి చెయ్యి కనబడుతుంది. ఆ ఊరి పెద్దవాళ్లు పిల్లల కుట్లను విప్పుకుంటూ కూర్చుంటే అవి మిగిలేవా?

మన దగ్గర సర్కారు కూడా ఈ పనిని పనిగా చూడాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉద్దేశాల్లో గురుశిష్య పరంపరను బలపరచడం ఒకటి. శిక్షణ తీసుకునేవాళ్లకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, చాపలూ బుట్టలూ అల్లేవాళ్లు ఉన్నారు, చేపల వలలు అల్లేవాళ్లు ఉన్నారు. బొంత కుట్టే మనిషి లేదు. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, సంతోషమే. కానీ అది మిషన్ కుట్టు. మిషన్ తొక్కడానికి మోకాళ్లు సహకరించని అరవై ఏళ్ల ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్ల వేళ్లు మాత్రం ఇంకా ఆడుతున్నాయి. వాళ్లను నేర్పే మనుషులుగా లెక్కలోకి తీసుకుని, నేర్పిన రోజుకు కూలి కట్టివ్వాలని నేనడుగుతున్నాను. చదువు, సర్టిఫికెట్ అడగొద్దు. వాళ్లు కుట్టిన బొంతను విప్పి పరిచి చూస్తే చాలు, పని తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

సంఘం సమావేశాలకు వాడే గదే దీనికి సరిపోతుంది. వారానికి రెండు మధ్యాహ్నాలు తెరిచి, ఒక చాప పరిచి, పెద్ద సూదులు, నూలు దారం అందులో పెడితే మిగిలింది మేం చూసుకుంటాం. రజాయి రెండు మూడు వందలకు దొరుకుతుంటే ఎవరొస్తారని కొందరంటారు. మా పై గది పిల్ల వచ్చింది. బొంత పూర్తి చేసి తీసుకుపోయింది కూడా. ఆమె వెంట చదువుకునే మరో ఇద్దరు ఇప్పుడు నూలు చీరల కోసం అడుగుతున్నారు.

నా పెట్టె ఖాళీ అయింది. చదివేవాళ్లు ఇంట్లో పాత నూలు చీరలుంటే స్టీలు సామానువాళ్లకు వేసి గిన్నె తీసుకోకండి. మీ వాడలో బొంత కుట్టే పెద్దావిడ ఎవరో కనుక్కుని ఆమెకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీ ఇంటి పిల్లను కూడా వెంట తీసుకుపొండి.