శుక్తిమతి కూతురు

నూజివీడు తోటల్లో పూత పిందెకు తిరిగే రోజులివి. ఇక రైతు ధ్యాసంతా తడి మీదే. ఈ నీరు ఎక్కడిదని అడిగితే బోరుదనే మాటే ఎక్కువగా వినిపిస్తోంది. వాగు పేరు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అలా అడుగుతూ తిరుగుతున్నప్పుడే నాకు గిరిక గుర్తొచ్చింది.

గిరిక ఏటికి పుట్టిన పిల్ల. చేదిదేశపు రాజధాని పక్కన పారే శుక్తిమతిని మోహించి కోలాహలమనే కొండ అడ్డంగా పడింది. ఆ దేశపు రాజు ఉపరిచర వసువు కాలితో తన్నితే కొండ చీలి నది బయటపడింది. అప్పటికే ఆమెకు కవలలు. విడిపించిన రాజుకే ఇద్దరినీ అప్పగించింది. కొడుకు సేనాపతి అయ్యాడు, కూతురు రాణి అయింది. ఆ తర్వాత భారతకథ యమునలోకి దిగుతుంది. బ్రహ్మ శాపంతో చేపగా తిరుగుతున్న అద్రిక అనే అప్సరస, నీట పడిన వసువు వీర్యాన్ని మింగి మత్స్యగంధిని కంటుంది. మత్స్యగంధి కొడుకు వ్యాసుడు. భారతం చెప్పిన మహర్షికి అమ్మమ్మ ఒక జలకన్య!

16వ శతాబ్దంలో రామరాజభూషణుడు గిరికా వసువుల కథను ఆరాశ్వాసాల ‘వసుచరిత్ర’గా పెంచి తిరుమలదేవరాయలకు అంకితమిచ్చాడు. భారతంలో నాలుగు మాటల్లో ముగిసిన పిల్లకు తెలుగులోనే ఇంత పెద్ద పుట్టిల్లు దొరికింది. అయినా ఆ కావ్యానికి ప్రాణం ప్రేమా పెళ్లీ. కొండ కింద చిక్కి, తాను కోరని బిడ్డలను మోసిన తల్లి యాతన మీద మరో కావ్యం రావాలి. రాయదగినవాళ్లు మనలో ఉన్నారు.

గ్రీకు కవి హెసియడ్ జలదేవుడు ఓషియానస్ కూతుళ్లైన జలకన్యలు మూడు వేలమంది అన్నాడు, కొడుకులైన నదులూ అన్నే అన్నాడు. అన్ని నదుల పేర్లూ చెప్పడం మనిషి తరం కాదనీ, ఏ ఒడ్డున బతికేవాళ్లకు ఆ నది పేరు తెలుసుననీ ఒప్పుకున్నాడు. ఇక్కడ ఆ ఒడ్డువాళ్లం మనమే. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు ముగ్గురూ కొల్లేటింటి కోడళ్లు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగేదాకా బుడమేరు పేరు వినని తెలుగువాళ్లు ఎందరో. ఇక ఈ ఏరుల్లో కలిసే పిల్లవాగుల సంగతి ఎవరు చెప్పాలి?

మీ తోట పక్కన పారే వాగును మీ అమ్మమ్మ ఏ పేరుతో పిలిచేది? దానికి అక్కచెల్లెళ్లు ఉన్నారని చెప్పేదా? ఏ రాయి దగ్గర పసుపూ కుంకుమా పెట్టేది? రాసి పంపండి. ఒక పేరూ నాలుగు వాక్యాలూ చాలు. కోతలు మొదలయ్యేలోగా అందినవాటిని వచ్చే సంచికలో వేస్తాం.